పురుగు నాడుల కథ ఎవరికి చెప్పవలెను?

మట్టిలో మెలగు ఒక పురుగును గుఱించియు, పండ్లబుట్టపై ముసరు ఒక ఈగను గుఱించియు, సముద్రములో ప్రాకు ఒక నత్తజాతి జీవిని గుఱించియు లోకమునందలి మేధావులు అఱువది యేండ్లకు పైగా పరిశోధించుచున్నారని చెప్పినచో మన యిండ్లలోని పెద్దలు మొదట నవ్వుదురు, పిదప "దానివలన మనకేమి లాభము?" అని యడుగుదురు. ఈ రెండును తప్పుగావు. నవ్వు వచ్చు సంగతియే, అడుగవలసిన ప్రశ్నయే. అడిగినవానికి తెలియు మాటలలో బదులు చెప్పకపోవుటయే తప్పు. ఆ బదులు ఎవరు చెప్పవలెను, ఏ భాషలో చెప్పవలెను, ఎంతవఱకు చెప్పవలెను అను విషయమై మా అభిప్రాయమును ఈ సంచికలో విన్నవించుచున్నాము.

"మీరు తెలుగు చెప్పువారు గదా, పురుగుల సంగతి మీకేల?" అని మా సహోపాధ్యాయులలో కొందఱు ఇదివఱకే హాస్యమాడిరి. విజ్ఞానశాస్త్రము చెప్పు అయ్యవారు మమ్ము మన్నింతురుగాక. మేము చెప్పబోవునది పురుగును గుఱించి కొంత, మాటను గుఱించి కొంత. మాట మా పొలములోనిదే.

ముందుగా పురుగు పరిచయము. దాని శాస్త్రనామము సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్. పేరు చాంతాడంత, జీవి నూలుపోగులో తునకయంత. పొడవు ఒక్క మిల్లీమీటరు. పిల్లల కడుపులోని నులిపురుగులకును, మన తోటలలో టమాటా వేళ్లకు బొడిపెలు తెచ్చు నులిపురుగులకును ఇది దూరపు చుట్టము. కాని తాను ఎవరికిని కీడు చేయదు. కుళ్లిన ఆకులనడుమ సూక్ష్మజీవులను తిని బ్రదుకును. శరీరము గాజువలె పారదర్శకమగుటచే లోపలి కణములను బ్రదికియుండగనే సూక్ష్మదర్శినిలో చూడవచ్చును. మూడు నాలుగు దినములలో గ్రుడ్డునుండి పెద్దదై తాను గ్రుడ్లు పెట్టును. రెండు మూడు వారములలో ఆయువు తీఱును.

దక్షిణాఫ్రికాలో జన్మించి ఇంగ్లండునందలి కేంబ్రిడ్జిలో పనిచేయుచుండిన సిడ్నీ బ్రెన్నరు అను శాస్త్రజ్ఞుడు 1963లో తన పరిశోధనాలయపు పెద్దకు ఒక జాబు వ్రాసెను. జీవులు ఎట్లు పెరుగును, వాటి నాడీమండలము ఎట్లు పనిచేయును అను ప్రశ్నలు మిగిలియున్నవనియు, వాటికి మిక్కిలి సరళమైన జీవిని ఎన్నుకొనవలెననియు అతని యభిప్రాయము. ఇందలి యుక్తి మనకు క్రొత్తదికాదు. పట్టణమంతటి విద్యుత్తు తీగల లెక్క తెలియగోరువాడు మొదట ఒక్క పూరింటి తీగను విప్పిచూచును. మానవుని మెదడులో రమారమి 8,600 కోట్ల నాడీకణములున్నవి. ఈ పురుగునకు మొత్తము 302 మాత్రమే. (నాడీకణమనగా ఏమో తరువాత వచ్చును, ప్రస్తుతము శరీరములో వార్తను మోయు కణమనుకొనిన చాలును.) 302 అనగా ఎంత? ఒకప్పుడు మన బడి హాజరుపట్టికలలో అంతకంటె ఎక్కువ పేర్లుండెడివి, ఇప్పుడు లేవు. ఆ మాటకును వత్తుము.

ఈ 302 కణములలో ప్రతిదానికిని ఒక పేరు గలదు. ఈ పురుగున ఉన్న కణమే ఆ పురుగునను అదే చోట నుండును. ఏది దేనితో కలిసియున్నదో తెలిసికొనుటకు బ్రెన్నరు బృందమువారు పురుగును అతిసన్నని పొరలుగా కోసిరి. ఒక మిల్లీమీటరును ఇరువదివేల పొరలుగా చీల్చినచో ఒక్కొక్కటి ఎంత మందముండునో, అంత పలుచని పొరలు. కోసినది నికోల్ థామ్సను. పొర వెంట పొరను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చిత్రము తీసి, ఆ చిత్రములపై ఒక్కొక్క నాడి ఎచ్చటినుండి ఎచ్చటికి సాగినదో కంటితో వెదకుచు, చేతితో గుర్తులు పెట్టుచు జాన్ వైటు, ఐలీన్ సౌత్‌గేటు అనువారలు ఏండ్లు గడిపిరి. 1986లో ఆ ఫలితము లండనులోని రాయల్ సొసైటీ పత్రికలో 340 పుటలుగా వెలువడినది. అందు సుమారు 5,000 నాడీసంధులు, నాడులు కండరములను తాకు చోట్లు 2,000, కణమునకు కణము సూటిగా అంటుకొనియున్న కూడళ్లు 600 లెక్కకు వచ్చినవి. పుటల తలకట్టుపై పొట్టిగా వారు వేసికొన్న పేరు "పురుగు మనస్సు". శాస్త్రజ్ఞులకును చమత్కారము తెలియును.

ఆ అల్లికలో ఒక్క పోగును పట్టుకొని చూతము. పురుగును మెల్లగా తాకినచో వెనుకకో ముందుకో జరుగును. తాకుటకు వారు వాడిన సాధనము కనుబొమ్మ వెండ్రుక. దానిని పండ్లుకుట్టు పుల్లకు అంటించి, దానితో పురుగును నిమిరెడివారు. మార్టిన్ చాల్ఫీయు, అతనితోడివారును ఇట్లు వేలకొలది పురుగులను తాకి, తాకుడు తెలియనివాటిని వేఱుచేసి, మృదువైన స్పర్శను గ్రహించునవి ఆరే కణములని తేల్చిరి. సముద్రపు జెల్లిచేపలో ఆకుపచ్చగ మెఱయు ఒక మాంసకృత్తు గలదు. దాని జన్యువును పురుగులో చేర్చి, ఆ స్పర్శకణములే బ్రదికియుండగ మెఱయునట్లు చాల్ఫీ 1994లో చూపెను. ఆ మెఱుపుమాంసకృత్తు పనికి 2008లో ఆయనకును మఱి యిద్దఱికిని నోబెలు బహుమానము వచ్చినది. నేడు ప్రపంచమందలి జీవశాస్త్ర ప్రయోగశాలలలో ఈ మెఱుపును వాడని చోటు అరుదు.

ఇంతకంటె మాకు ముచ్చట గొల్పినది మఱియొకటి. పురుగులున్న పళ్లెమును ప్రక్కనుండి తట్టినచో పురుగు ఉలికిపడి వెనుకకు పోవును. మఱల మఱల తట్టినకొలది ఉలికిపాటు తగ్గును. కెనడాలో కాథరిన్ రాంకిను మొదలగువారు దీనిని 1990లో వెల్లడించిరి. పురుగు అలసిపోయినదా, అలవాటుపడినదా అను సందేహము రాకపోదు. దానికి వారెఱిగిన ఉపాయము సులభము: వేఱొక విధమైన కదలింపు నిచ్చి, పిదప మఱల తట్టిచూచుట. అలసటయే యైనచో ఉలికిపాటు తిరిగి రాదు. వచ్చినది; కనుక అది అలవాటు. అనగా మూడువందల రెండు కణముల ప్రాణియు నేర్చుకొనుచున్నది! పాఠము చెప్పి బ్రదుకువారమగు మాకు ఈ వార్త కలిగించిన సంతోషము ఇంతింత యనరాదు. ఎరిక్ కాండెలు అను వైద్యుడు సుమారు 20,000 నాడీకణములుగల అప్లీషియా అను సముద్రజీవియందు ఇట్టిదే అంతకుముందే చూచి, జ్ఞాపకము నాడీసంధుల బలమును మార్చునని చూపి, 2000లో నోబెలు బహుమానము నందుకొనెను.

ఇక పంచుకొనుటను గుఱించి. ఈ పురుగుపై పనిచేయువారికి మొదటినుండియు ఒక మంచి అలవాటు గలదు. 1975లో అమెరికాలో వారు "పురుగుల పెంపకందార్ల గెజిట్టు" అను పేర ఒక చిన్న పత్రికను మొదలుపెట్టిరి. పెద్ద పత్రికలలో అచ్చగుటకు ఇంకను సిద్ధముగాని ఫలితములను, పురుగులను పెంచు చిట్కాలను అందు వ్రాసికొని ఒకరికొకరు పంపుకొనెడివారు. ఆకారమున మన పాఠశాల పత్రికకు అక్కచెల్లెలు. ఒకచోట కనుగొన్న పురుగు రకమును అడిగిన ప్రయోగశాలకు పంపుటకు మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఒక కేంద్రమే వెలసినది. 1998లో ఈ పురుగు జన్యురాశి, రమారమి పది కోట్ల అక్షరములు, లోకమునకు వెల్లడియైనది. బహుకణజీవులలో మొదట చదువబడినది ఇదియే. ఆ పనికి పెద్దలలో నొకడగు జాన్ సల్‌స్టను, మానవుని జన్యురాశి చదువుటకు పూనుకొన్నప్పుడు, చదివినదానిని ఇరువదినాలుగు గంటలలో అందఱికిని ఉచితముగా తెలుపవలెనను 1996 నాటి ఒప్పందమునకు ముఖ్యులలో ఒకడయ్యెను. దాచుకొన్నచో ధనము వచ్చియుండును. దాచుకొనలేదు. ఆ పురుగు పని నేర్పిన గుణమే ఇది యని మా నమ్మకము.

అయినను ఇచ్చట ఒక భేదము చెప్పవలసియున్నది. పంక్తిలో కూర్చున్నవారికి కొసరి కొసరి వడ్డించుట ఒక యెత్తు, వాకిట నిలిచినవారిని లోనికి పిలుచుట ఒక యెత్తు. పురుగు శాస్త్రజ్ఞులు పంక్తిలో లోభము చూపలేదు. కాని ఆ 340 పుటలను నేడు ఎవడైనను చూడవచ్చునన్నచో, మన సరిహద్దు సీమలోని రైతునకు దానివలన ఒరిగినదేమి? తెఱచియున్న తలుపు, ఎక్కలేని మెట్టు! ప్రజల పన్నులతో సాగు పని ప్రజలకు తెలియు మాటలలో తిరిగి చేరువఱకు పంపకము సగమే యైనట్లు.

చేరుటకు మార్గములు లేకపోలేదు. 2024 అక్టోబరులో పండ్లఈగ మెదడంతటి అల్లిక పటము వెలువడినది. 1,39,255 నాడీకణములు, ఐదు కోట్లకు పైగా నాడీసంధులు. యంత్రములు గీచిన గీతలలోని తప్పులను దిద్దుటకు అనేక ప్రయోగశాలలవారితోపాటు శాస్త్రజ్ఞులు కాని సామాన్యులును, సంగణక క్రీడలాడువారును ఇంటికడ కూర్చుండి చేయి వేసిరి. పిలిచినచో ప్రజలు వత్తురనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

పిలువనిచో ఏమగునో అదియును చూచితిమి. 2008లో అమెరికాలో ఉపాధ్యక్షపదవికి పోటీచేసిన ఒకామె, ప్రజాధనము పారిసు నగరమున పండ్లఈగల పరిశోధనకు పోవుచున్నదని సభలో ఎగతాళి చేసెను. ఆమె ఎత్తిచూపినది ఆలివు తోటలను పాడుచేయు ఈగను గుఱించిన పని. అది రైతుల పని. నవ్విన సభికులను మేము తప్పుపట్టము. ఈగ పేరు వినుటయే గాని దాని పని వారికెవ్వరును అంతకుముందు చెప్పియుండరు. వంశపారంపర్యమును గుఱించి 1933లోను, శరీరమునందలి రాత్రింబవళ్ల గడియారమును గుఱించి 2017లోను నోబెలు బహుమానములు ఆ పండ్లఈగ జాతి మూలముననే వచ్చినవని తెలిసియుండినచో నవ్వు కొంత తగ్గియుండును.

ఎగతాళికంటె అపాయమైనది అతిశయోక్తి. 2014లో కొందఱు ఔత్సాహికులు ఆ 302 కణముల అల్లికను సంగణకములో అమర్చి, బొమ్మ ఇటుకలతో కట్టిన చిన్న చక్రాలబండికి తగిలించిరి. బండి గోడకు ఎదురైనప్పుడు ఆగి వెనుకకు మళ్లెను. చూచుటకు చక్కని ఆటయే. కాని పత్రికలలో "పురుగు మనస్సును యంత్రములో పెట్టిరి" అను శీర్షికలు వెలసినవి. అది నిజముగాదు. ఏ తీగ ఎచ్చటికి పోవునో అల్లికపటము చెప్పును. ఆ తీగ వార్తను ఎంత బలముతో మోయునో, అవతలి కణమును లేపునో అణచునో అది పూర్తిగా చెప్పదు. ఆ లోటును బండివారు సులువైన నియమములతో పూడ్చుకొనిరి. పైగా 2023లో ప్రిన్స్‌టను విశ్వవిద్యాలయమువారు పురుగు నాడీకణములను ఒక్కొక్కదానినే వెలుగుతో కదలించి, తక్కినవి ఎట్లు పలుకునో చూచిరి. ఇరువదిమూడువేలకు పైగా జతలను పరీక్షించి, తీగల పటమునుబట్టి ఊహించినట్లు వార్త అన్నివేళల పోవుటలేదని తేల్చిరి. కొన్ని కణములు తీగతో పనిలేక, రసాయనమును విడిచి, దూరపు కణమునకు కబురంపుచున్నవి. ఊరిలో తంతికంబములున్నను కబుర్లు నూతికడనే ఎక్కువ నడుచునట్లు!

పటము చేతికి వచ్చి దాదాపు నలుబదియేండ్లైనను పురుగు ఇంకను మనకు పూర్తిగా చిక్కలేదు. ఇట్టి సంగతిని ప్రజలకు చెప్పినచో శాస్త్రముపై గౌరవము తగ్గునని కొందఱు జంకుదురు. మా అనుభవము వేఱు. తరగతిలో "ఇంతవఱకే తెలిసినది" అన్నప్పుడు లేచినన్ని చేతులు, అంతయు తెలిసినదన్నప్పుడు ఎన్నడును లేవలేదు.

"లాభమేమి?" అన్న పెద్దల ప్రశ్నకు ఇంకను బదులు బాకీయున్నది. ప్రతి సంవత్సరము మన బడిలో పిల్లలచేత నమిలించి మ్రింగించు నులిపురుగుల మాత్ర అందఱెఱిగినదే. ఆ తరగతి మందు పురుగు కణములోని ఏ మాంసకృత్తును పట్టునో, ఏ జన్యువు మారినచో మందు పాఱదో ఈ మట్టిపురుగునందు కనుగొనిరి. గొఱ్ఱెలకు పట్టించు లెవమిసోలు పురుగు కండరములపై నాడీసందేశమును అనుకరించి, వాటిని బిగుసుకొనునట్లు చేయునని తెలిపినదానిలోను దీని పాలు గలదు. మందులకు లొంగని నులిపురుగులు మేకల మందలలో పెరుగుచున్న ఈ దినములలో ఆ జ్ఞానము కాపరికి కూడ కావలసినదే.

నులిపురుగుల మాట వచ్చినప్పుడు మనవాని నొకనిని తలపకుండుట ధర్మముగాదు. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివి అమెరికాకేగిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ పరిశోధనాలయమువారు 1940ల చివఱ హెట్రజాన్ అను మందును కనిపెట్టిరి. బోదకాలు తెచ్చు సన్నని పురుగులపై అది పనిచేయును. అదియు నులిపురుగు జాతిదే. బోదకాలి పేరు తెలిసిన ఇండ్లు మనలో చాలగలవు. సుబ్బారావుగారి పేరు తెలిసినవి ఎన్ని?

ఇప్పుడు మా పొలమునకు వత్తుము. తెలుగువాడు నరము అన్నప్పుడు దేనిని తలంచును? "నరమునకు సూది వేసిరి" అన్నచో అది రక్తనాళము. "నరముల బలహీనత" అన్నచో అది మెదడునుండి వచ్చు తీగ. "నరము పట్టినది" అన్నచో బహుశః కండరము. పోనీ, నాడి అందమా? వైద్యుడు నాడి చూచుట యనగా మణికట్టుకడ రక్తపు అదురును చూచుట. ఇన్ని అర్థముల నడుమ పాఠ్యపుస్తకము ఏ వివరణయు లేక "నాడీకణము" అని యొక్క మాట వ్రాసి ముందునకు సాగును. పిల్లవాడు పరీక్షలో "నాడీకణము రక్తమును మోయును" అని వ్రాసినచో, వాడు తెలుగు తెలియక వ్రాసెనా, తెలిసి వ్రాసెనా? మా దృష్టిలో తెలిసియే వ్రాసెను. మాట వానిది, దానిని విడమఱచి చెప్పవలసిన పని మనది. తమిళమునందలి నరంబునకును, కన్నడమునందలి నరకును ఈ చిక్కు కొంతవఱకు గలదు. మూడును ఒక్కతల్లి బిడ్డలే గదా. మూడు భాషలు చెవినబడు మన హోసూరు ప్రాంతపు పిల్లలకు ఈ సంగతి చెప్పినంతనే మొగములు వికసించును.

ఆంగ్లములో నర్వు, న్యూరాను అని కంఠస్థము చేసిన బాలునకు ఈ చిక్కులేదు, నిజమే. కాని వాని తల్లి నరముల బలహీనత యని మందులదుకాణమునుండి ఏవో సీసాలు తెచ్చుకొన్నప్పుడు, ఆమెకు చెప్పుటకు వానికడ మాట యుండదు. జ్ఞానము వానికడ నుండియు, ఇంటిగడప దాటి లోనికి రాదు. మేము భయపడునది దీనికే.

పిల్లలను తెలుగు మాధ్యమమునుండి తొలగించు తల్లిదండ్రులను మేము నిందింపము. వారి చింత పొట్టకూటిని గుఱించినది. దానిని భాషాభిమానపు ఉపన్యాసములతో తీర్పజాలము. "మీ తెలుగులో సైన్సు ఎచ్చటిదండీ?" అని ఒక తండ్రి అడిగినచో, బీరువా తెఱచి పుస్తకము చూపగలిగియుండవలెను. మేము శిక్షణ పొందిన పొరుగు రాష్ట్రపు కళాశాలలో అట్టి పుస్తకములకొక బీరువాయే యుండెడిది. ఇచ్చట మన బీరువాలో నున్నవి వ్రేళ్లపై లెక్కింపవచ్చును. తెలుగునకు ఆ శక్తిలేక కాదు. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు స్థాపించిన విజ్ఞానచంద్రికామండలి ఆ రోజులలోనే శాస్త్రగ్రంథములను తెలుగున అచ్చొత్తించినది. పిదప నండూరి రామమోహనరావు, మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్ గారలు సామాన్యునకు తెలియునట్లు విజ్ఞానమును వ్రాసిరి. ఆ దారి గడ్డిమొలవకుండ నడుచువారు కావలెను. చరవాణిలోని యంత్రము క్షణములో తెనిగించును గదా యని పదవతరగతివారు మాతో వాదించిరి. తెనిగింపనిండు; ఏ నరము ఏ నరమో సరిచూచువాడు మాత్రము పక్కన కూర్చుండవలెను.

సరిచూచువారు దూరముననే లేరు. మనకు నలుబది కిలోమీటర్లలోనున్న బెంగుళూరులో జాతీయ జీవవిజ్ఞాన కేంద్రము గలదు; టాటా మౌలిక పరిశోధనా సంస్థలో భాగము, ప్రజాధనముతో నడుచునది. దానిని స్థాపించిన ఒబైద్ సిద్దిఖీగారు పండ్లఈగల నాడులపై పనిచేసినవారు. వేడి తగిలినంతనే చచ్చుపడి, చల్లబడినంతనే లేచి ఎగురు ఈగలను అమెరికాలో సీమోరు బెంజరుతోకలిసి ఆయన పరీక్షించెను. 1970లలో బొంబాయిలో వెరోనికా రోడ్రిగ్సుగారితో కలిసి, వాసనయు రుచియు తెలియని ఈగలను వేఱుచేసి, ఆ జ్ఞానములకు మూలమగు జన్యువులను వెదకెను. ఇంత చక్కని కథ పొరుగూరిలో నుండగా మన పిల్లలకు తెలియకపోవుట న్యాయమా? ప్రతి ప్రయోగశాలయు తన పరిశోధన వెలువడినప్పుడు, దానిని గుఱించి చుట్టుపట్ల ప్రజలు మాటలాడు భాషలలో ఒక్క పుట వ్రాయించి బడులకు పంపవలెనని మేము కోరుచున్నాము. ఏమి చూచితిమి, ఎట్లు చూచితిమి, ఏది ఇంకను తెలియదు అను మూడు మాటలు చాలును. ఆ ప్రయోగశాలలలో తెలుగు తెలిసిన పరిశోధకులు ఉండకపోరు. వారిలో నొక్కరు సంవత్సరమునకు ఒక్క పూట బస్సెక్కి వచ్చినను మన పిల్లలు పది ప్రశ్నలతో ఎదురుచూచుచుందురు. ప్రశ్నలను తెలుగున తీర్చిదిద్దు భారము మాది.

వారు వచ్చులోపల మనము ఊరక కూర్చుండ నక్కఱలేదు. వానలు పడగనే బడిగోడ వెంబడి రోకలిబండలు బయలుదేరును. తాకినంతనే చుట్టచుట్టుకొనుట అందఱును చూచినదే. దానిని చేతితో పట్టవలదు, ఒంటినుండి వచ్చు ద్రవము చర్మమును మండించును. కోడియీక కొసతో, ఒకేచోట, ఒకే బలముతో మెల్లగా తాకి, విప్పుకొనుటకు ఎంతసేపు పట్టెనో గడియారముతో లెక్కింపుడు. విప్పుకొన్న పిదప మఱల తాకుడు. ఇట్లు పదిమార్లు. చుట్టుకొనుట తగ్గినదా? తగ్గినచో, రెండు నీటిచుక్కలు దాని ప్రక్కన రాల్చి మఱియొకసారి తాకి చూడుడు. అలసటయో అలవాటో తేలవచ్చును. తేలకపోయినను తేలలేదనియే వ్రాయుడు. రోకలిబండ పదిమార్లును చుట్టుకొన్నచో అదియు ఫలితమే. పని ముగిసిన పిదప దానిని తీసినచోటనే విడువవలెను.

ఇంట అమ్మమ్మకో నాయనమ్మకో చదివి వినిపించి, ఆమెకు అర్థముగాని మాట క్రింద గీత గీచి, ఆ వ్రాతను తెలుగు ఉపాధ్యాయుల గది బయటనున్న పెట్టెలో వేయుడు. తరగతి, తేదీ, రోకలిబండను చూచిన చోటు తప్పక వ్రాయవలెను. గీతలు పడిన మాటలన్నిటిని కూర్చి, వాటికి దీటైన మాటలతో వచ్చు సంచికలో రెండు పుటలు కేటాయింతుము.